సరదా కూడా లెక్క రాయండి

"చదువుకోవడానికి పోతున్నావా అమ్మా, సరదాకి పోతున్నావా?"

2025 జూన్‌లో ఒక సాయంత్రం భద్రాచలంలో మా ఇంటి వసారాలో కూర్చుని మా బావగారు అడిగిన మాట ఇది. అడిగింది మా అక్క కూతుర్ని. డిగ్రీ అయిపోయింది, పీజీ ఎక్కడ చదవాలో తేల్చుకోవడానికి నా దగ్గరికి వచ్చింది. ఒక తెల్లకాగితం మీద ఖమ్మం, వరంగల్, హైదరాబాదు, రాజమండ్రి అని నాలుగు ఊళ్ళ పేర్లు రాసుకుంది. ఒక్కొక్క ఊరికి ఎదురుగా ఫీజు ఎంత, హాస్టలుకి ఎంత, రానూపోనూ చార్జీలెంత అని గళ్ళు గీసి నింపుకుంది. చివరి గడి పైన "బాగుంటుందా?" అని రాసుకుంది. మా బావగారి చూపు తిన్నగా వెళ్ళి ఆ గడి మీదే పడింది.

ఆయన ఆడపిల్లలకి చదువెందుకు అనే మనిషి కాదు. తన కూతుళ్ళిద్దర్నీ చదివించారు. "ఖమ్మంలో చేరు. కాలేజీ ఉంది, హాస్టలు ఉంది, బస్సుకి రూపాయి అక్కర్లేదు, శనివారం సాయంత్రానికి ఇంట్లో ఉంటావు. అన్నిటికన్నా చవక. ఇంక ‘బాగుంటుందా’ ఏమిటి?" అన్నారు. పిల్ల మారు మాట్లాడలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ముప్ఫై ఏళ్ళ కిందట ఇదే ప్రశ్న నన్నూ అడిగారు. నేనూ జవాబు చెప్పలేదు. ఆలస్యంగానైనా ఇప్పుడు చెబుతున్నాను: అవును, సరదాకి కూడా. అందులో తప్పేమిటో ముందు మీరు చెప్పండి.

మా నాన్న దుమ్ముగూడెం మండలంలో ప్రాథమిక పాఠశాల టీచరు. ఇంటి ఖర్చంతా నల్లట్ట పుస్తకాల్లో రాసేవారు. ఆయన పోయాక ఆ పుస్తకాలు నాకు వచ్చాయి. (ఆస్తిలో నాకు దక్కిన వాటా అదే. 1986 చట్టం సంగతి ఇంకోసారి రాస్తాను.) 1988 నుంచి మూడేళ్ళు మా అన్నయ్య హైదరాబాదులో చదివాడు. నెలనెలా పంపిన మనియార్డరు, దాని కింద ఫీజు, మెస్సు, పుస్తకాలు, ‘పైఖర్చులు’. ఆ పైఖర్చులేమిటో తర్వాత్తర్వాత అన్నయ్యే చెప్పాడు. ఆర్టీసీ క్రాస్‌రోడ్సులో సినిమాలు, ఇరానీ హోటల్లో చాయ్, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, రాత్రి పదకొండింటి దాకా స్నేహితులతో తిరుగుళ్ళు. ఇదంతా సరదా కాక మరేమిటి? కానీ నాన్న పుస్తకంలో దానికా పేరు లేదు. మగపిల్లవాడు నగరానికి వెళితే లోకం చూస్తాడు. చూడాలి కూడా, అదీ చదువులో భాగమే అనేవారు. 1992లో నేను పీజీకి వెళ్ళాను. నా పేజీలో ఫీజు ఉంది, మెస్సు ఉంది. పైఖర్చులన్న మాటే లేదు. చెప్పులు తెగితే కొత్తవి కొనుక్కున్న నెలలో మాత్రం పక్కన ‘అనవసరం’ అని రాసి ఉంది.

నేను చదివిన నగరం ఏదో చెప్పను, చెబితే ఆ హాస్టలు ఏదో తెలిసిపోతుంది. సాయంత్రం ఆరింటికి గేటు వేసేవారు. లైబ్రరీ తొమ్మిదింటి దాకా తెరిచి ఉండేది. ఎవరికోసం తెరిచి ఉండేదో వేరే చెప్పాలా? ఆ మూడు గంటల్లో మగపిల్లలు చదివిన పుస్తకాల్ని మేము వాళ్ళ నోట్సుల్లోంచి చదువుకున్నాం. ఊళ్ళో సాహిత్య సభలు జరిగేవి. వార్డెనుకి చీటీ రాసిచ్చి వెళ్ళేవాళ్ళం. స్వాగతం, దీపం వెలిగించడం, అధ్యక్షులవారి తొలిపలుకులు, ఇవన్నీ అయ్యేసరికి అయిదున్నర. ముఖ్యవక్త లేచేసరికి మేమూ లేచేవాళ్ళం, ఆయన మాట్లాడటానికి, మేము పరుగెత్తడానికి. రెండేళ్ళలో నేను ఒక్క సభకీ ముగింపు వినలేదు. ఆ హాస్టలు చవకగా దొరికిందని మా నాన్న సంతోషించారు. వినని ఆ ముగింపుల ఖరీదు ఎంతో ఆయన పుస్తకంలో ఎక్కడా లేదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. మున్నేరు ఖమ్మం పక్కనుంచి పారి దిగువన పెనుగంచిప్రోలు చేరుతుంది. భండారు అచ్చమాంబ 1874లో పుట్టింది అక్కడే. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు నాగపూరు ప్రాంతంలో అక్కాబావల దగ్గర ఉండి కాలేజీలో చదువుకుని ఎం.ఏ. చేశాడు. అక్క ఏ కాలేజీకీ పోలేదు. తమ్ముడి పక్కన కూర్చుని అతని చదువుని ఇంట్లోనే అందుకుంది. హిందీ, మరాఠీ నేర్చుకుంది. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ తెచ్చింది. సభల్లో ఆమెని పొగుడుతారు, పట్టుదల ఉంటే ఇంట్లో కూర్చుని కూడా ఎంత సాధించవచ్చో చూడండి అని. ఆ పొగడ్త వింటే నాకు ఒళ్ళు మండుతుంది. తమ్ముడికి నగరమూ, కాలేజీ, పట్టా. అక్కకి తమ్ముడి పుస్తకాలు. ఆమె గొప్పతనాన్ని చూపించి మన పిల్లల్ని ఇంటిదగ్గర ఉంచుకోవడమంటే అచ్చమాంబకి జరిగిన అన్యాయాన్ని ఆదర్శం చేయడమే.

సరే, చవక అంటున్నారు కదా, ఆ లెక్కే చూద్దాం. తెలంగాణలో సంక్షేమ హాస్టళ్ళలో ఉండి కాలేజీ చదివే పిల్లలకి మెస్ చార్జీ నెలకి 1,500 రూపాయలు ఉండేది. 2024లో 2,100 చేశారు. పెంచినందుకు సంతోషమే, ఏళ్ళ తరబడి అడిగితే వచ్చిన పెంపు అది. అయినా భాగించి చూడండి. రోజుకి 70 రూపాయలు. పొద్దున టిఫిను, రెండుపూటలా అన్నం, అన్నీ ఆ 70లోనే. మా భద్రాచలం బస్టాండు దగ్గర ఒక్కపూట భోజనం చేసి చెయ్యి కడుక్కుంటే అంతకన్నా ఎక్కువే అవుతుంది. ఆ హాస్టల్లో సీటు రాని పిల్ల ప్రైవేటు హాస్టలు చూసుకోవాలి. 2025లో నేను వాకబు చేస్తే హైదరాబాదులో నలుగురుండే గదిలో ఒక మంచానికి నెలకి ఆరేడు వేలు అన్నారు. ఖమ్మంలో నాలుగు వేల పైచిలుకు. తేడా ఉంది, కాదనను. ఆ రెండు మూడు వేల తేడాకే కదా ఆడపిల్లల భవిష్యత్తు నిర్ణయమైపోతున్నది! అదే తేడా కొడుకు దగ్గరికి వచ్చేసరికి అప్పు తెచ్చి పూడుస్తారు. అప్పు ఎవరికోసం చేయవచ్చో ఎవరికోసం చేయకూడదో మన ఇళ్ళల్లో ఎవరూ నోటితో చెప్పరు, అందరికీ తెలుసు.

ఫీజు సంగతి మరీ ఘోరం. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చింది. మా ప్రాంతంలో ఎంతమంది ఆడపిల్లలు ఆ ఒక్క ఆధారంతో డిగ్రీ దాకా వచ్చారో నా కళ్ళతో చూశాను. ఆ డబ్బు ఏళ్ళ తరబడి విడుదల కాక, 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం తలుపులు మూసుకుని కూర్చున్నాయి. ప్రభుత్వం కట్టలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే, మొదట ఆగిపోయేది ఎవరి చదువు? "ఇంక చాల్లే, సంబంధం చూద్దాం" అన్న మాట కొడుకుతో ఎవరూ అనరు.

ఇక బస్సు. మా బావగారు బస్సుకి రూపాయి అక్కర్లేదన్నారే, ఆయన ఒక సంగతి మరిచిపోయారు. మా అక్కవాళ్ళది ఎటపాక. భద్రాచలానికి కూతవేటు దూరం. 2014 దాకా అది భద్రాచలం మండలం, ఖమ్మం జిల్లా. పోలవరం పేరు చెప్పి చుట్టూ ఉన్న మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు, పట్టణాన్ని మాత్రం తెలంగాణకి ఉంచారు. ఎటపాక ముందు తూర్పుగోదావరిలోకి పోయింది, 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయింది. నది కదల్లేదు, ఊరు కదల్లేదు, గీత మాత్రం మా పిల్లల పుస్తకాల సంచి మీదుగా పోయింది.

దాని ఫలితం చూడండి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మంచి పని. ఆ జీరో టికెట్టు చేతిలో పెట్టుకుని మొదటిసారి ఒంటరిగా ఖమ్మం దాకా వెళ్ళొచ్చిన ఆడవాళ్ళని నేనెరుగుదును. కానీ అది తెలంగాణ ఆధార్ ఉన్నవాళ్ళకి. భద్రాచలం బస్టాండులో ఒకే సీటులో కూర్చున్న ఇద్దరు స్నేహితురాళ్ళలో ఒకామెకి జీరో టికెట్టు, మా అక్క కూతురికి పూర్తి చార్జీ. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉచిత ప్రయాణం మొదలైంది. అది రాష్ట్రం దాటే బస్సులకి వర్తించదు. భద్రాచలంలో ఎక్కితే రాష్ట్రం దాటినట్టే! చదివిన ఊరు చూస్తే మా పిల్ల ఈ రాష్ట్రం మనిషి, ఆధార్ కార్డు చూస్తే ఆ రాష్ట్రం మనిషి. సీటు దగ్గర ఒక కాగితం అడుగుతారు, స్కాలర్‌షిప్ దగ్గర ఇంకో కాగితం. తెలంగాణకి ఈపాస్, ఆంధ్రాకి జ్ఞానభూమి. రెండు కంప్యూటర్లకీ మధ్య పడి నలిగిన పిల్లల్ని లెక్కపెట్టే కంప్యూటరు ఎవరి దగ్గరా లేదు.

ఇంకొక మాట, ఇది గోదావరి ఒడ్డున ఉన్నవాళ్ళకే అర్థమవుతుంది. ప్రవేశాల కాలమూ వరద కాలమూ ఒకటే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. కరెంటు లేదు, ఫోను లేదు, ఊళ్ళన్నీ గుట్టలెక్కాయి. ఆ రోజుల్లో ఏ వెబ్ ఆప్షనుకి ఆఖరి తేదీ అని ఎవరు చూస్తారు? నీళ్ళు తీశాక చూసుకుంటే మిగిలిన సీట్లు మిగిలినచోట ఉంటాయి. దాన్నే తర్వాత "ఆ పిల్ల దగ్గరలోనే చేరింది" అంటారు.

ఆ సాయంత్రం మా వసారాలో ఇంకో అమ్మాయి కూడా ఉంది. చర్ల మండలంలో అడవి లోపలి ఊరు, కోయల అమ్మాయి. మా సంఘం సమావేశంలో పరిచయమైంది. మూడో తరగతిలో ఆశ్రమ పాఠశాలలో చేరింది. తర్వాత గురుకులం, ఇంటరూ గురుకులమే. 2017లో గిరిజన సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీలు పెట్టారు కాబట్టి డిగ్రీ కూడా అందులోనే. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ఆ కాలేజీలు లేకపోతే ఆమె మిర్చి తోటల్లో కూలికి పోయేది, ఈ మాట ఆమే చెప్పింది. నేను ఆ బడుల్ని తక్కువ చేయడం లేదు.

కానీ ఇంకోవైపు నుంచి చూడండి. ఎనిమిదేళ్ళ వయసు నుంచి ఇరవై ఒకటి దాకా, పదమూడేళ్ళు, ఆమె గేటు లోపలే ఉంది. బజారుకి పోవాలంటే వరసలో పోవాలి. అమ్మతో మాట్లాడాలంటే వారానికొకసారి ఫోను. ఏం తినాలి, ఎప్పుడు పడుకోవాలి, జుట్టు ఎంత ఉండాలి, అన్నీ గంట కొట్టినట్టు జరిగాయి. మా బావగారు ఆమెకి కూడా అదే సలహా ఇచ్చారు: ఉచిత హాస్టలు ఉన్నచోట చేరమ్మా, రక్షణ ఉంటుంది. ఆ పిల్ల మా పిల్లలాగా ఊరుకోలేదు. మెల్లగా, తల దించుకునే, "ఒక్కదాన్నే బజారుకి పోయి, ఎవరికీ చెప్పకుండా, నిలబడి టీ తాగాలని ఉంది పెద్దయ్యా" అంది.

మేమందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఇరవై ఒక్కేళ్ళ మనిషి కోరిక అది. ఓటు వేయవచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు, టీ మాత్రం ఒక్కతే తాగకూడదు. పేదపిల్లకి, అందులోనూ ఆదివాసీ పిల్లకి ఉచితంగా ఏది ఇచ్చినా దానికి తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండాలనే నియమం ఎక్కడిది? డబ్బున్నవాళ్ళ కూతురు హైదరాబాదులో చదివితే అది ‘ఎక్స్‌పోజర్’. చర్ల పిల్ల అడిగితే ‘సరదా’. చర్ల దారిలో బస్సు ఆపి, దింపి, పేరూ ఊరూ ఆధారూ అడగడం చూస్తూ పెరిగిన పిల్లకి, పదిమందిలో ఎవరో తెలియకుండా నడిచిపోవడం ఎంత పెద్ద సుఖమో మనకి తెలియదు. అది నగరం ఇస్తుంది.

"ములుగులో గిరిజన విశ్వవిద్యాలయం పెట్టారుగా!" అని అడుగుతారని తెలుసు. పెట్టారు. 2014 విభజన చట్టంలో రాసిన మాట, 2023 డిసెంబరులో పార్లమెంటులో చట్టమైంది. 2024లో తాత్కాలిక భవనంలో ఇంగ్లీషు, ఎకనామిక్స్ రెండు డిగ్రీ కోర్సులతో మొదలైంది. సమ్మక్క సారలమ్మల పేరు పెట్టుకున్న ఆ విశ్వవిద్యాలయం పెద్దదవ్వాలనే నా కోరిక. అలాగే 2025లో కొత్తగూడెం మైనింగు కాలేజీని భూవిజ్ఞాన విశ్వవిద్యాలయం చేశారు. (భూగర్భ గనుల్లోకి ఆడవాళ్ళు దిగడానికి 2019 దాకా చట్టమే అడ్డం. ఆ చదువు మన పిల్లలు ఇప్పుడైనా చదవాలి.) అయితే అడవి పక్కన ఒక విశ్వవిద్యాలయం పెట్టి, ఇంక మీకు నగరమెందుకు అంటే ఒప్పుకోను. మీకు మీ అడవి, మాకు మా నగరం అనే పాత మాటే అది, కొత్త భవనంలో. చరిత్రో, జర్నలిజమో, న్యాయశాస్త్రమో కావాలన్న కోయపిల్ల ఎక్కడికి పోవాలి?

రక్షణ గురించి. నేను కళ్ళు మూసుకుని మాట్లాడటం లేదు. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో ఆ పశువైద్యురాలిని చంపిన తర్వాత నాకు తెలిసిన రెండిళ్ళల్లో ఆడపిల్లల్ని చదువు మధ్యలో వెనక్కి పిలిపించారు. ఆ తల్లుల భయాన్ని నేను తప్పుపట్టను. కానీ ప్రభుత్వం చేసిందేమిటి? ఆర్టీసీలో ఆడవాళ్ళకి రాత్రి ఎనిమిది దాటాక డ్యూటీ వేయవద్దని ముఖ్యమంత్రి చెప్పారు. నేరం చేసింది మగవాళ్ళు, ఇంటికి పొమ్మన్నది ఆడవాళ్ళని. రాత్రి బస్సులో కండక్టరుగా ఒక ఆడమనిషి ఉంటే ఎక్కే పిల్లకి ఎంత ధైర్యం! ఆ ధైర్యాన్ని కూడా ఇంటికి పంపేశారు.

మన దగ్గర నియమాలు లేక కాదు. విశ్వవిద్యాలయాల్లో లైంగిక వేధింపుల నిరోధానికి యూజీసీ చేసిన నిబంధనలు 2016లో అమల్లోకి వచ్చాయి. ఆడపిల్లల రక్షణ పేరు చెప్పి, మగపిల్లలకి లేని ఆంక్షలు ఆడపిల్లల హాస్టళ్ళలో పెట్టకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు ఎందరు? వార్డెన్లు ఎందరు? 2015లో ఢిల్లీలో విద్యార్థినులు పింజ్రా తోడ్ అని, పంజరం విరగ్గొట్టండి అని, ఈ గేట్ల మీదే పోరాడారు. మన కోఠీ మహిళా కాలేజీ 2022లో విశ్వవిద్యాలయమైంది, దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఆ పేరు పెట్టుకున్న రాష్ట్రంలో ఏ ఆడపిల్లల హాస్టలుకైనా ఆరింటికి తాళం పడితే ఐలమ్మకి అవమానం కాదా?

చదువుకి ఏ నగరం మంచిదో చెప్పే ప్రపంచ జాబితాలు ఉన్నాయి. 2025లో క్యూఎస్ సంస్థ వేసిన జాబితాలో తక్కువ ఖర్చులో చదువుకోగల నగరంగా ఢిల్లీకి మొదటి స్థానం ఇచ్చారు. ఖమ్మం స్టేషను మీదుగా ఢిల్లీ రైళ్ళు రోజూ పోతాయి, మా పిల్లలు చూస్తూనే ఉంటారు. ఇంట్లో అనుమతికి, ఊరివాళ్ళ మాటలకి, ‘పిల్ల చేయి దాటిపోతుంది’ అన్న బెంగకి, పెళ్ళి రెండేళ్ళు వాయిదా వేసినందుకు ఎంత పడుతుందో ఆ జాబితాలో లేదు. ఆ ఖర్చు కూడా కలిపితే ఆడపిల్లకి చవక నగరం భూమ్మీద ఎక్కడుందో ఎవరైనా లెక్కగట్టాలి.

అందుకే నేను అడుగుతున్నాను. సీటు ఇచ్చి ఊరుకోవద్దు, నగరంలో గది కూడా ఇవ్వాలి. జిల్లా నుంచి నగరానికి వచ్చే ప్రతి పేదపిల్లకీ ప్రభుత్వ హాస్టల్లో మంచం, రోజుకి 70 రూపాయలు కాక కడుపునిండే తిండి, లైబ్రరీ ఎంతసేపు ఉంటే గేటూ అంతసేపు. విలీన మండలాల పిల్లలకి రెండు రాష్ట్రాల్లోనూ బస్సూ, ఫీజూ, స్థానికతా ఉండేలా ఇద్దరు ముఖ్యమంత్రులు కూర్చుని ఒక్క కాగితం రాయాలి. పోలవరం కోసం ఊళ్ళని కలుపుకోగలిగినవాళ్ళకి ఇది ఏపాటి పని? ఇక మన ఇళ్ళల్లో నల్లట్ట పుస్తకం తెరిచి, కూతురి పేజీలో కూడా పైఖర్చులు అని ఒక వరస గీయండి. దాని కింద ఎంత రాస్తారో మీ శక్తి. వరస మాత్రం ఉండాలి.

ఖమ్మం మీద నాకు కోపం లేదు. చదువుల ఊరే అది, ఎస్సార్ అండ్ బీజీఎన్నార్ కాలేజీ 1956 నాటిది. ఖమ్మమే కావాలని వెళ్ళే పిల్లలు సుఖంగా చదువుకోవాలి. కావాలని అన్న మాటే నాకు ముఖ్యం.

మా అక్క కూతురు చివరికి రాజమండ్రిలో చేరింది. స్కాలర్‌షిప్ అక్కడైతేనే వస్తుందని తేలింది. చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాటు దిగి పోవాలి, వానాకాలం శబరి పొంగితే దారి ఉండదు. "బాగుందా?" అని అడిగితే, "ఇంకా తెలియదు పిన్నీ, గోదావరైతే ఇక్కడ చాలా వెడల్పు" అంది.

చర్ల అమ్మాయికి హైదరాబాదులో ఎం.ఏ. సీటు వచ్చింది. హాస్టల్లో ఇంకా మంచం రాలేదు, స్నేహితురాలి మంచం సగం పంచుకుంటున్నది. ఒక ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి ఫోను చేసింది. ఏదో పుస్తకావిష్కరణ సభకి వెళ్ళి సిటీ బస్సులో తిరిగి వస్తున్నారట. "చివరిదాకా ఉన్నాం అక్కా" అంది. ముఖ్యవక్త ఎలా మాట్లాడారని ఆత్రంగా అడిగాను. "ఏం బాగా మాట్లాడలేదక్కా, బయట టీ మాత్రం బాగుంది" అంది.